జీడి కోత మొదలవుతోంది: ఉద్దానం తోటల్లో ఎలుగులకు ఎంత దూరం, ఎలా?

తంపరగట్టు:
శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు జీడి పిక్కలు ఏరే రోజులొచ్చేశాయి. తెల్లవారుజామునే తోటకెళ్లి వంగి ఏరే పని. ఎలుగులు తిరిగే వేళ కూడా అదే. 2018 తిత్లీ తుపానుకు పడిపోయిన కొబ్బరి, జీడి చోట చాలా తోటల్లో ఇప్పుడు పొదలు పెరిగి అడవిలా ఉన్నాయి. ఎలుగు కొండ దిగి రావడం కాదు, తోటలోనే కాపురం పెడుతోంది. తెలిసినవాళ్లు పని జరిగే తీరులో జాగ్రత్తలు చెప్పండి. ఇంకో సంగతి: కొండ అంచున రోజూ పళ్లు, బెల్లం పెడితే ఎలుగులు ఊళ్లవైపు రావు కదా అన్న ఆలోచన కొన్ని ఊళ్లలో నడుస్తోంది. దాని మీద కూడా మాట్లాడండి.

కొండదారి:
ముందు ఈ జంతువు ఎందుకు మీద పడుతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. మన ఎలుగు మనిషిని తినడానికి రాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, పళ్లు. పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు, ఆ సందులోంచి చెదల్ని పీల్చుకుంటుంది. ముక్కు చాలా చురుకు, చెవి, కన్ను అంత చురుకు కాదు. తల పుట్టలో పెట్టి పీలుస్తున్నప్పుడు ఆ చప్పుడు వంద మీటర్ల దాకా వినిపిస్తుంది కానీ మన అడుగుల చప్పుడు దానికి వినపడదు. అలా మనం పది అడుగుల దగ్గరికి వెళ్లిపోతాం. అది ఉలిక్కిపడుతుంది.

ఉలిక్కిపడిన జింక పారిపోతుంది, ఎలుగు పారిపోదు. పులులున్న అడవిలో బతికిన జాతి ఇది. చెట్టెక్కినా చిరుత వదలదు, పరిగెత్తితే పులి వదలదు, అందుకే ముందు తానే కలబడటం అలవాటైంది. వెనక కాళ్ల మీద లేచి ముఖం, తల మీద కొడుతుంది. ముందు కాళ్ల గోళ్లు ఎనిమిది, పది సెంటీమీటర్ల దాకా ఉంటాయి. పుట్టలు తవ్వే గోళ్లు కాబట్టి పిల్లి గోళ్లలా లోపలికి ముడుచుకోవు. నెత్తి చర్మం ఊడిరావడం, కన్ను పోవడం, దవడ విరగడం ఎక్కువగా కనిపించేది ఇందుకే.

పిల్లలతో ఉన్న తల్లి అయితే ఇంకా ప్రమాదం. నవంబరు నుంచి జనవరి మధ్య ఈని, రెండు మూడు నెలలకి పిల్లల్ని బొరియలోంచి బయటికి తెస్తుంది. అంటే సరిగ్గా జీడి కోతకి. పిల్లలు వీపు మీదెక్కి తిరుగుతాయి. దూరం నుంచి చూస్తే ఒక్క ఎలుగే పెద్దగా కనిపిస్తుంది. వీపు మీద గూనిలా ఏదైనా కదిలితే తల్లి అనుకోండి.

పలాసపిక్క:
తోట పనివరకు రాస్తాను. జీడి చెట్టు కొమ్మలు నేలకి తాకుతూ గొడుగులా ఉంటాయి. పగలు ఎలుగు పడుకునే చోటు ఆ గొడుగు కిందే. కొమ్మలు నేల నుంచి నాలుగడుగుల ఎత్తు వరకు కత్తిరిస్తే చెట్టు మొదలు దూరం నుంచే కనిపిస్తుంది. పిక్క ఏరడమూ తేలికవుతుంది. కోత అయిపోయాక, మళ్లీ పూత రాకముందే చేయాలి. కాపు మీద కొమ్మ కొట్టడానికి ఏ రైతూ ఒప్పుకోడు. దారికి రెండు పక్కలా మూడు మీటర్లు పొద తీసేయాలి. మొగలి పొదలు గట్టు కోసం ఉంచుకున్నా, దారి మలుపులో మాత్రం ఉంచకండి. తుప్ప దాటగానే ఎదురుపడటం అక్కడే జరుగుతుంది.

ఏరే వేళ మార్చడం ఒక్కటే అన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది. పొద్దు బాగా ఎక్కాక, ఎనిమిది తర్వాత దిగండి. సాయంత్రం నాలుగున్నరకి బయటికి వచ్చేయండి. "అప్పటిదాకా ఆగితే పిక్కలు దొంగలెత్తుకుపోతారు" అంటారు, అది నిజమే. అలాంటప్పుడు తోటల వాళ్లు కలిసి గట్టు మీద కాపలా పెట్టుకోవాలి గానీ చీకట్లో ఒక్కొక్కరే తోటలోకి దూరకూడదు.

పండు సంగతి అసలు మరచిపోవద్దు. ఎనభై కిలోల పిక్కల బస్తా నిండిందంటే, తోటలో దానికి అయిదారు రెట్ల బరువున్న జీడిపళ్లు పారేశామన్నమాట. పిక్క తుంచి పండును చెట్టు కిందే పడేస్తాం. రెండు రోజులకి పులిసి ఆ వాసన మైలు దూరం పోతుంది. ఎలుగుకి అంతకంటే పిలుపు ఏముంది? ఏ రోజు పళ్లు ఆ రోజు గొయ్యి తీసి పూడ్చేయండి.

నల్లమలచూపు:
పలాసపిక్క గారూ, పూడ్చడం దగ్గర చిన్న సవరణ. చెదల కోసం మీటరు లోతు గట్టి నేల తవ్వే జంతువు అది. మీ ఇసుక నేలలో మూడడుగుల గొయ్యి దానికి లెక్క కాదు, పైగా పళ్లన్నీ ఒకే చోట పోసి మనమే వడ్డించినట్టవుతుంది. పళ్లని అదే రోజు తోట బయటికి చేర్చి, ఎండ తగిలే బయలులో పల్చగా పరిచి ఎండబెట్టండి. ఎండిన పండు పశువులకి దాణాలో కలపొచ్చు. మోయలేనంత ఉంటే కనీసం దారికి, షెడ్డుకి, బావికి దగ్గర్లో కుప్ప వేయకండి. పనస మగ్గినప్పుడు కూడా ఇంతే. చెట్టు మీద మగ్గేదాకా ఉంచకుండా దోరగా ఉన్నప్పుడే దింపేయండి.

పలాసపిక్క:
సరైన మాట. నేను రాసిన గొయ్యి సలహా వదిలేయండి, పైన చెప్పినట్టే చేయండి.

కొండదారి:
గుర్తులు కూడా చెప్పుకుందాం. ఎలుగు వెనక పాదం గుర్తు మనిషి కాలిలా ఉంటుంది. అయిదు వేళ్లు దాదాపు ఒకే గీత మీద వరసగా ఉంటాయి, వాటికి ముందు కాస్త దూరంగా గోళ్ల గాట్లు. ఇసుకలో ఇది చాలా స్పష్టంగా పడుతుంది. పుట్టకి కొత్తగా తవ్విన గుంత ఉండి మట్టి ఇంకా తడిగా ఉంటే ఆ రాత్రి వచ్చినట్టే. పెంటలో పళ్ల గింజలు, చెదల పెంకులు కనిపిస్తాయి. తడి పెంట, తాజా అడుగులు రెండూ ఒకే చోట కనిపిస్తే ఆ రోజు ఆ గట్టు వదిలేసి ఇంకో గట్టు ఏరుకోండి. ఒక్క రోజు ఆగితే పిక్క పాడవదు.

ఇచ్ఛాపురంవాసి:
చిన్నప్పుడు అందరం చదివిన కథ ఒకటుందిగా, ఇద్దరు స్నేహితుల్లో ఒకడు చెట్టెక్కితే ఇంకొకడు ఊపిరి బిగబట్టి చచ్చినట్టు పడుకుంటాడు, ఎలుగు చెవి దగ్గర వాసన చూసి వెళ్లిపోతుంది. దాన్నే ఇప్పటికీ జనం నమ్ముతున్నారు. ఎంతవరకు పనికొస్తుంది?

నల్లమలచూపు:
చెట్టెక్కినవాడి సగం పూర్తిగా తప్పు. తేనెపట్టు కోసం నిలువు చెట్లెక్కే జంతువు అది. పడుకున్నవాడి సగంలో కొంత నిజం ఉంది. కానీ ఎప్పుడు పడుకోవాలి, ఎలా పడుకోవాలి అన్నదాంట్లోనే ప్రాణం ఉంది.

దూరంగా, యాభై మీటర్లో అంతకంటే ఎక్కువో ఉండి అది మిమ్మల్ని చూడకపోతే, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి రండి. కేకలు వద్దు. ఇరవై మీటర్లలో ఉండి తల ఎత్తి చూస్తే ఆగిపోండి. గొంతు తగ్గించి మాట్లాడుతూ, దాని వైపే ముఖం పెట్టి, ఒక్కో అడుగు వెనక్కి వేయండి. అది పోవడానికి దారి వదలాలి. మీ వెనకే పొద ఉంటే అది అటే దూరాలనుకోవచ్చు, అందుకని కాస్త పక్కకి జరుగుతూ రండి. పరుగెత్తకూడదు. నాలుగు కాళ్ల మీద అది మనకంటే చాలా వేగం, పైగా పరుగెత్తేవాడికి దొరికే దెబ్బ వెనక నుంచి మెడ మీద.

మీదికి దూసుకొస్తే సగం దారిలో ఆగిపోవడమూ ఉంటుంది. కర్ర ఉంటే ముందుకి అడ్డుగా పట్టుకోండి, మీరుగా కొట్టకండి. ఇక తగలక తప్పదనుకున్నప్పుడు బోర్లా పడుకోండి. వెల్లకిలా కాదు. రెండు చేతుల వేళ్లు మెడ వెనక పెనవేసి, మోచేతులు చెంపలకి ఆనించి, ముఖం నేలకి గట్టిగా నొక్కి, కాళ్లు కాస్త ఎడంగా పెడితే అది మిమ్మల్ని తేలిగ్గా తిప్పలేదు. తిప్పినా మళ్లీ బోర్లాకే రావాలి. వీపు మీద గోనెసంచీ, గంప ఉంటే ఉండనివ్వండి. పెనుగులాడకపోతే చాలాసార్లు దాడి కొద్దిసేపట్లో ఆగిపోతుంది. అది వెళ్లాక కూడా వెంటనే లేవకండి. పిల్లల్ని దాటించే దాకా తల్లి పక్కనే ఉంటుంది, కదలిక కనిపిస్తే తిరిగొస్తుంది.

కథలో పడుకున్నవాడు వెల్లకిలానా, బోర్లానా అన్నది ఎవరూ చెప్పరు. పిల్లలకి ఆ కథ చెప్పేటప్పుడు ఇకనుంచి బోర్లా అని చెప్పండి.

తంపరగట్టు:
చప్పుడు విషయం కూడా రాయండి. టపాకాయలు కాల్చాలా?

పలాసపిక్క:
తోటలోకి దిగే ముందు, అది దూరంగా ఉన్నప్పుడే వినపడాలి, అంతే. నలుగురైదుగురు కలిసి మాటలాడుకుంటూ, కర్రతో చెట్టు మొదళ్లు తడుతూ వెళ్లాలి. కొందరు కర్రకి గంట కడతారు, మంచిదే. తీరం దగ్గరి తోటల్లో సముద్రపు హోరు, గాలి ఉన్న రోజు మన మాట పది గజాలు దాటదు. ఆ రోజు ఇంకా గట్టిగా తట్టాలి, గాలికి ఎదురుగా నడిచేటప్పుడు మరీ. మన వాసన దానికి చేరదు కాబట్టి. టపాకాయ దగ్గర్లో కాల్చితే అది ఎటు పారిపోవాలో తెలియక మీవైపే వస్తుంది. చెవిలో పాట పెట్టుకుని ఏరే కుర్రాళ్లకి గట్టిగా చెప్పండి, తోటలో చెవులు ఖాళీగా ఉండాలని. కుక్కని కూడా తీసుకెళ్లకండి. అది ఎలుగుని మొరిగి రెచ్చగొడుతుంది, ఎలుగు తిరగబడగానే యజమాని కాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. వెనకే ఎలుగు.

దీపారాధన:
కొండ అంచున పళ్లు పెట్టే మాట ఎవరూ ఎత్తలేదు. నా ఉద్దేశంలో అది మంచిదే. కరువు రోజుల్లో నోరులేని జీవానికి తిండి పెట్టడం పుణ్యం. ఛత్తీస్‌గఢ్‌లో మహాసముంద్ జిల్లా చండీమాత గుడికి ఎలుగులు వచ్చి ప్రసాదం తిని వెళ్తాయి కదా. మనకి జాంబవంతుడి జాతి అది.

నల్లమలచూపు:
దీపారాధన గారూ, మీ దయ అర్థమైంది, కానీ దాని వల్ల ఎలుగుకే ఎక్కువ కీడు. చండీమాత గుడి దగ్గర జరుగుతున్నదాన్ని జాగ్రత్తగా చూడండి. మనిషి చేతిలో తిండి ఉంటుందని ఎలుగు నేర్చుకుంది, ఎలుగు ఏమీ అనదని మనిషి నేర్చుకున్నాడు. రెండూ ప్రమాదమే. తిండి లేకుండా చేతులు చాచినవాణ్ణి, పిల్లని ఎత్తుకుని ఫోటోకి వంగినవాణ్ణి అది ఎలా చూస్తుందో చెప్పలేం. గుడి దగ్గర అలవాటైన ఎలుగు ఊరి దుకాణంలో బెల్లం వాసన వచ్చినా అదే ధైర్యంతో వెళ్తుంది. అప్పుడు అది భక్తి కాదు, బోను అవుతుంది.

బళ్లారి దగ్గర దరోజీలో బెల్లం, తేనె కలిపి బండలకి పూస్తారు, దానికోసం ఎలుగులు వస్తాయి. అది సిబ్బంది ఉన్న అభయారణ్యం, చూసేవాళ్లు దూరంగా వాచ్‌టవర్ మీద ఉంటారు. దాన్ని చూసి ఊరి అంచున చేయడం వేరు. ఉద్దానంలో కొండకీ తోటకీ ఇంటికీ మధ్య అంత దూరమే లేదు.

నిజంగా తిండి పెట్టాలంటే కొండ మీద మర్రి, రావి, మేడి, నేరేడు, రేగు, తునికి మొక్కలు నాటి కాపాడండి. వేసవిలో నీటితొట్టె ఊరికి కిలోమీటరు అవతల కట్టండి. అక్కడ తిండి పెట్టకండి, నీళ్లు మాత్రమే. తోటలో పుట్ట కనపడగానే మందు కొట్టి చంపేయకండి. ఆ పుట్టే దాని అన్నం.

కొండదారి:
ఇదే సంగతికి అమెరికాలోని అలాస్కా నుంచి ఒకటి చెప్పాలి. టిమోతీ ట్రెడ్‌వెల్ అనే అతను కాట్‌మాయ్ నేషనల్ పార్కులో గోధుమరంగు ఎలుగుల మధ్య పదమూడు వేసవులు గడిపాడు. వాటికి పేర్లు పెట్టాడు, కెమెరాతో పక్కనే కూర్చున్నాడు. గుడారం చుట్టూ కరెంటు కంచె వేసుకోలేదు, మిరప స్ప్రే తీసుకెళ్లడం మానేశాడు. 2003 అక్టోబరులో కాఫ్లియా తీరంలో అతన్నీ, తోడున్న స్నేహితురాలినీ ఎలుగు చంపేసింది.

ఇందులో మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది. ఆ ఏడు అతను ఎప్పటికంటే ఆలస్యంగా అక్కడే ఉన్నాడు. శీతకాలం ముందు కొవ్వు పెంచుకునే తొందరలో ఉన్న, అతనికి తెలియని ఎలుగులు ఆ తావుకి వచ్చాయి. గుడారం వేసింది ఎలుగులు నడిచే దారుల మీదే. పదమూడేళ్ల "పరిచయం" కొన్ని ఎలుగులతోనే, కొన్ని నెలలకే. ఆకలి కాలం మారగానే ఆ లెక్క చెల్లలేదు. చివరికి రేంజర్లు కాల్చాల్సి వచ్చి రెండు ఎలుగులు కూడా చచ్చిపోయాయి.

మన ఎలుగు ఆ జాతి కాదు, మనిషిని తినడానికి రాదని పైనే అన్నాను. కానీ "మన ఊరి ఎలుగు, మనల్నేం అనదు" అనే మాట ఉద్దానంలోనూ వింటాం. రోజూ కనిపించే ఎలుగుకి జత కట్టే వేసవిలో పరాయి మగది ఎదురుకావచ్చు, పిల్లలు పుట్టొచ్చు, పందుల కోసం పెట్టిన ఉచ్చులో కాలు తెగొచ్చు, నాటుబాంబు కొరికి దవడ పగలొచ్చు. అది అదే ఎలుగు, ఆ రోజు మాత్రం నిన్నటిది కాదు.

దీపారాధన:
అర్థమైంది. గుడి సంగతి ఒకటి చెప్పండి. రాత్రి ఎలుగులు గుళ్లోకి దూరి ప్రమిదలో నూనె తాగుతున్నాయి.

పలాసపిక్క:
నూనె, నెయ్యి, కొబ్బరి ముక్క, బెల్లం అంటే దానికి ప్రాణం. రాత్రి పూజ కాగానే ప్రమిదల్లో మిగిలిన నూనె సీసాలోకి వంపి, ప్రమిదలు కడిగి, సీసా ఇంటికి తీసుకెళ్లండి. ప్రసాదం గుళ్లో ఉంచకండి. చెక్క తలుపుని గోళ్లతో పీకేస్తుంది, ఇనుప గ్రిల్లు వేసి గట్టి గడియ ఉండేలా చూడండి. అంగన్‌వాడీ, బడి వంటగదిలో నూనె ప్యాకెట్లు, చిక్కీలు కూడా ఇంతే, మూతబిగించే ఇనుప డబ్బాలో. గుడి ముందు వీధిదీపం వెలగాలి. తెల్లారి మొదట తలుపు తీసేవాళ్లు లోపలికి టార్చి వేసి, కర్రతో గ్రిల్లు తట్టి, అప్పుడు తీయాలి. లోపల ఇరుక్కుపోయిన ఎలుగు ఉన్న ఒక్క గుమ్మంలోంచే బయటికొస్తుంది, ఆ గుమ్మంలో మీరుంటారు.

నిన్నటిగాయం:
ఒక ఎలుగు ఊళ్లోకొచ్చిందని తెలియగానే జనం చేసే పని గురించి ఎవరైనా గట్టిగా రాయాలి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఒకరి ప్రాణం పోయింది, ఆ తర్వాత పలువురు గాయపడ్డారు, పట్టుకున్న ఎలుగు కూడా బతకలేదు.

నల్లమలచూపు:
అవును. మొదటి దాడి అనుకోకుండా జరుగుతుంది, తర్వాతి గాయాల్లో చాలావాటికి కారణం గుంపు. నాలుగువైపులా కర్రలతో, ఫోన్లతో మూగితే దానికి దారి ఉండదు, మనుషుల్లోంచే పోతుంది. ఏ పొదలో ఉందో తెలిస్తే ఆ పొదకి కొండవైపు పూర్తిగా ఖాళీ చేయండి. మిగతా మూడు వైపుల్లో వందల గజాల దూరంలో జనాన్ని ఆపండి. పిల్లలు, పశువులు ఇళ్లలోకి. అటవీశాఖకి ఫోను, ఒక్కరే మాట్లాడాలి. చెప్పాల్సింది ఎక్కడ ఉంది, ఒక్కటేనా, పిల్లలున్నాయా, గాయముందా, ఎన్ని గంటల నుంచి ఉంది. చీకటి పడే దాకా కదిలించకపోతే చాలాసార్లు అదే వెళ్లిపోతుంది.

మత్తు సూది వేస్తే వెంటనే పడిపోతుందని జనం అనుకుంటారు. సాధారణంగా పది, పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ లోపు జనం తరిమితే మందు సరిగ్గా ఎక్కదు, పరుగుతో ఒంట్లో వేడి పెరుగుతుంది. ఆ నల్లటి ఒత్తు బొచ్చుతో ఎండాకాలం పరుగెత్తిన ఎలుగు మత్తులో ఊపిరాడక చచ్చిపోవచ్చు. సూది పడ్డాక నిశ్శబ్దంగా ఉండటం, నీళ్లు, నీడ సిద్ధంగా ఉంచడం, ఇవే మనం చేయగల సాయం. సెల్ఫీ కోసం బోను దగ్గరికి తోసుకోకండి.

వైద్యమిత్ర:
గాయం అయితే ఏం చేయాలో రాస్తాను. ముందు అక్కడి నుంచి బయటికి, తర్వాత 108. నెత్తి చర్మం ఊడి వేలాడుతుంటే కోసేయకూడదు, చేత్తో మెల్లగా యథాస్థానంలో పెట్టి శుభ్రమైన గుడ్డతో నొక్కి కట్టాలి. కన్నుని నొక్కొద్దు, స్టీలు గ్లాసో, కొబ్బరి చిప్పో బోర్లించి దాని మీద కట్టు కట్టండి. దవడ విరిగి నోట్లో రక్తం వస్తుంటే వెల్లకిలా పడుకోబెట్టకండి, రక్తం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కూర్చోబెట్టి ముందుకి వంచి పట్టుకోండి. స్పృహ లేకపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

పసుపు, కాఫీపొడి, సున్నం ఏదీ పెట్టకూడదు. రక్తం ధార ఆగాక, కన్ను తప్పించి, సబ్బుతో, పారే నీళ్లతో పావుగంట కడగాలి. రేబిస్ కోసం. ఎలుగు గోరైనా, కాటైనా అడవి జంతువు కాబట్టి మూడో రకం గాయంగానే, అంటే అన్నిటికంటే తీవ్రమైనదిగానే లెక్క. టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు కాపాడే రేబిస్ మందు) కూడా పడాలి. మనిషి రక్తం నుంచి తీసిందైతే కిలో బరువుకి 20 యూనిట్లు, గుర్రం సీరమైతే 40. ఇది ఇవ్వకముందే గాయాన్ని బిగించి కుట్టేయకూడదు. అందుకని ఆసుపత్రిలో "రేబిస్ మందు గాయంలో వేశారా?" అని మీరే అడగండి. టీకా కండకి ఇస్తే 0, 3, 7, 14, 28 రోజులు. చర్మంలోకి ఇస్తే 0, 3, 7, 28. ధనుర్వాతం సూది వేరు. ముఖం గాయాలకి ప్లాస్టిక్ సర్జరీ ఉన్న విశాఖ కేజీహెచ్ లాంటి చోటుకి పంపమని మొదటే అడిగితే కాలం కలిసొస్తుంది.

ఉద్దానం వాళ్లకి ప్రత్యేకంగా: కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు చాలామంది. నొప్పి ఎక్కువగా ఉందని డైక్లోఫెనాక్ లాంటివి మామూలుగా ఇచ్చేస్తారు, అవి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. క్రియాటినిన్ ఎక్కువ ఉన్న సంగతి, డయాలసిస్ సంగతి అంబులెన్సులోనే చెప్పండి, పాత రిపోర్టు ఫోన్‌లో ఉంచుకోండి.

నిన్నటిగాయం:
పరిహారం కోసం కూడా ఒక మాట. గాయమైన రోజే రేంజ్ ఆఫీసుకి తెలియజేయాలి, అటవీ సిబ్బంది చోటు చూసి పంచనామా రాయాలి. అడుగులు, గోళ్ల గుర్తులు చెరిగిపోకముందే పక్కన చెయ్యి పెట్టి ఫోటో తీయండి. ఆసుపత్రి కాగితంలో "ఎలుగు దాడి" అని రాయించుకోండి, ఉత్త "గాయం" అని కాదు. చాలా దరఖాస్తులు ఆగిపోయేది ఆ ఒక్క పదం దగ్గరే.

ఇచ్ఛాపురంవాసి:
చివరిగా ఒకటి. నేలబావిలో ఎలుగు పిల్ల పడితే? తీసి ఇంటికి తెచ్చేవాళ్లున్నారు.

కొండదారి:
తేవొద్దు. ఎలుగుకి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది, పిల్లని పట్టుకోవడం నేరం. అంతకంటే ముందు, తల్లి ఎక్కడో దగ్గర్లోనే ఉంటుంది, మీ వెనకే వస్తుంది. అటవీశాఖకి చెప్పండి. వాళ్లొచ్చేదాకా జనాన్ని బావి నుంచి దూరంగా పంపి, సురక్షితంగా వీలైతే ఒక గరుకు దుంగని, లేదా అడ్డ కర్రలు కట్టిన నిచ్చెనని ఏటవాలుగా దించి వదిలేయండి. రాత్రి ఎవరూ లేనప్పుడు దాని గోళ్లే దాన్ని పైకి తెస్తాయి. తర్వాత ఆ బావికి మీటరు ఎత్తు గట్టు కట్టండి, కోతకి ముందే.